విశాఖ తీరంలో రేపటి అల: సూచన ఎక్కడిదాకా వస్తోంది?

సెలవు రోజున రుషికొండకు బయల్దేరే కుటుంబం ముందు ఫోన్లో వాన పడుతుందేమో చూసుకుంటుంది. ఎండ ఎంత ఉంటుందో కూడా చూస్తుంది. సముద్రం ఎలా ఉంటుందో చూసుకుని బయల్దేరేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ సమాచారం దొరకక కాదు. విశాఖ తీరానికి కొన్ని కిలోమీటర్ల అవతల రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి అల ఎంత ఎత్తున ఉంటుందో, ఏ దిక్కు నుంచి వస్తుందో హైదరాబాదులో కూర్చుని లెక్కగట్టి రోజూ చెప్పే సంస్థ మనకు ఉంది. ఆ లెక్క చాలావరకు నిజమవుతోంది కూడా. అయితే అది ఒడ్డుకు కాస్త ముందే ఆగిపోతుంది. ఆఖరి రెండు వందల మీటర్లలో, అంటే మనం మోకాలి లోతులో నిలబడే చోట, నీరు ఏం చేయబోతోందో చెప్పే రోజువారీ ఏర్పాటు ఇంకా కుదురుకోలేదు. స్నానానికి దిగినవాళ్ల ప్రాణాలు పోతున్నది ఆ రెండు వందల మీటర్లలోనే. అలల సూచన అనే శాస్త్రం ఇప్పుడు ఎక్కడుందో, దేన్ని ఎంత నమ్మొచ్చో, ఎక్కడ ఖాళీ ఉందో ఒకచోట చూడాల్సిన అవసరం అందుకే ఉంది.

అల విరిగే తీరాలు అన్నీ ఒకటి కావు. అడుగున రాయి ఉన్నచోట అల ఏడాది పొడవునా దాదాపు ఒకేచోట విరుగుతుంది. కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోట దాని అంచు వెంట వరసగా విరుగుతుంది. ఇసుక అడుగున్న తీరం సంగతి వేరు. ఆర్కే బీచ్, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి, యారాడ, ఇవన్నీ అక్కడక్కడా రాళ్లున్నా ప్రధానంగా ఇసుక తీరాలే. ఇక్కడ అల ఎక్కడ విరగాలో నిర్ణయించేది నీటి అడుగున ఒడ్డుకు సమాంతరంగా పేరుకునే ఇసుక దిబ్బ. ఆ దిబ్బ కదులుతుంది. పోయిన వారం నడుము లోతున్న చోట ఈ వారం తల మునగవచ్చు. విశాఖ సముద్రాన్ని అంచనా వేయడంలోని కష్టమంతా ఈ కదిలే ఇసుకలోనే ఉంది.

అలల్ని ముందుగా లెక్కించడం రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైంది. సైన్యాన్ని పడవల్లోంచి ఇసుక ఒడ్డున దింపాలంటే ఆ ఉదయం అలలు ఎంత ఉంటాయో తెలియాలి. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ ఆ పద్ధతిని తయారు చేశారు. గాలి వేగం, అది ఎంత దూరం మేర, ఎంతసేపు వీచిందన్న మూడింటి నుంచి అల ఎత్తును రాబట్టవచ్చని చూపించారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు వేసిన అలల అంచనాలు ఆ పద్ధతిలోవే. అల ఎత్తు అని మనం ఇప్పటికీ వాడే కొలత కూడా అప్పటిదే. వచ్చిన అలలన్నింటిలో పెద్దవైన మూడో వంతును తీసుకుని వాటి సగటు కడతారు. సూచనలో ఒకటిన్నర మీటరు అని ఉంటే ఆ రోజు ఏదో ఒక వేళ మూడు మీటర్లకు దగ్గరగా ఒక అల రావచ్చని అర్థం. ఇది తెలియకపోతే ఆ అంకె చూసి మోసపోతాం.

మంక్ తర్వాత మరో పెద్ద సంగతి నిరూపించాడు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రంలో పుట్టిన అలలు పసిఫిక్ మహాసముద్రం మొత్తం దాటి అలాస్కా దాకా చేరుతాయని 1963లో వరసగా కొలత కేంద్రాలు పెట్టి పట్టుకున్నాడు. తుపాను చచ్చిపోయాక కూడా అది పుట్టించిన అల రోజుల తరబడి ప్రయాణిస్తూనే ఉంటుంది. దీన్నే స్వెల్ అంటారు. విశాఖ సముద్రాన్ని అర్థం చేసుకోవాలంటే మొదట పట్టుకోవాల్సింది దీన్నే.

పటం ముందు పెట్టుకుని చూస్తే విశాఖకు దాదాపు నేరుగా దక్షిణాన శ్రీలంక తూర్పు అంచు కనిపిస్తుంది. నైరుతి దిక్కు నుంచి వచ్చే అలల్ని లంక, భారత ద్వీపకల్పం చాలావరకు అడ్డుకుంటాయి. లంకకు తూర్పుగా దాటివచ్చేవి మాత్రం సూటిగా బంగాళాఖాతంలోకి చొరబడతాయి. అందుకే మన తీరానికి స్వెల్ ప్రధానంగా దక్షిణం వైపు నుంచి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం నిర్మలంగా, గాలి పల్చగా ఉన్న రోజున కూడా ఒక్కోసారి బరువైన అలలు వరస కట్టి రావడానికి కారణం ఇదే. వేసవి సెలవుల జనం తీరం నిండా ఉండే కాలం కూడా అదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల గాలి అలలు దీనికి తోడై సముద్రం ఎప్పుడూ కలతగానే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాలం తుపానులది. ఈశాన్యపు గాలితో దగ్గర దగ్గరగా విరిగే పొట్టి అలలు, మధ్యలో వాయుగుండాల తాకిడి. జనవరి, ఫిబ్రవరిలో సముద్రం మిగతా నెలలకంటే నెమ్మదిస్తుంది.

ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సెకన్లలో ఉండే వ్యవధిని పీరియడ్ అంటారు. నా అభిప్రాయంలో సూచనలో అందరూ ముందుగా చూడాల్సిన అంకె ఇదే. పత్రికలు, టీవీలు మాత్రం ఎత్తు ఒక్కటే చెప్పి వదిలేస్తాయి. ఒక మీటరు ఎత్తున్న రెండు అలల్ని తీసుకుందాం. ఒకటి 6 సెకన్లది, ఇంకొకటి 14 సెకన్లది. లోతైన నీటిలో మొదటిదాని పొడవు 56 మీటర్లు. రెండోదాని పొడవు 300 మీటర్ల పైమాటే. అల తన పొడవులో సగం లోతు దాకా నీటిని కదిలిస్తుంది కాబట్టి మొదటిది ఇరవై ఎనిమిది మీటర్ల లోతుకు వచ్చేదాకా అడుగును తాకదు. రెండోది నూట యాభై మీటర్ల లోతు నుంచే అడుగును తడుముతూ, వంగుతూ, ఎత్తు పెంచుకుంటూ వస్తుంది. మోసుకొచ్చే శక్తిలో రెండోది మొదటిదానికి రెండు రెట్లు పైనే. ఒడ్డున విరిగేటప్పుడు మీటరు అల మీటరున్నర అయ్యి కూలుతుంది. ఈ అలలు వచ్చే రెండు రోజులకూ సూచనలో ఒక మీటరు అనే ఉంటుంది. మొదటి రోజు పిల్లలు నురగలో ఆడుకుంటారు. రెండో రోజు అదే చోట పెద్దవాళ్ల కాళ్లు కూడా నిలవవు.

పెద్ద పీరియడ్ అలల్లో ఇంకో ప్రమాదం ఉంది. అవి గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్ద అలలు వచ్చాక కొన్ని నిమిషాలు సముద్రం పూర్తిగా చల్లబడినట్టు ఉంటుంది. ఒడ్డుకు అప్పుడే చేరినవాళ్లు ఆ విరామం చూసి ఈ రోజు ప్రశాంతంగా ఉందనుకుని దిగుతారు. తర్వాతి గుంపు వచ్చేసరికి నడుము లోతులో ఉంటారు. జాలరిపేట మత్స్యకారులు ఒడ్డు నుంచి తెప్పను నీటిలోకి తోసేటప్పుడు గమనించండి. తెప్పను నీటి అంచున పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడతారు. పెద్ద వరస ఒకటి విరిగి వెళ్లిపోయేదాకా కదలరు. అది వెళ్లిన మరుక్షణం అందరూ ఒక్కసారిగా తోసి ఎక్కి, తర్వాతి వరస వచ్చేలోపు విరిగే చోటు దాటేస్తారు. అలల గుంపుల లెక్క గ్రంథాల్లోకి ఎక్కకముందు నుంచీ ఆ పని జరుగుతోంది. సర్ఫింగ్ నేర్చుకునే కుర్రాళ్లకు ఏ యాప్ కంటే ముందు ఇది చూపించాలి.

ఒకే రోజు ఒకే స్వెల్ విశాఖలోని అన్ని తీరాలకూ ఒకేలా చేరదు. దక్షిణం నుంచి వచ్చే అల యారాడకు నేరుగా తగులుతుంది. మధ్యలో అడ్డు లేదు. ఆర్కే బీచ్‌కు చేరాలంటే డాల్ఫిన్ నోస్ కొండను, ఓడరేవు గోడలను చుట్టుకుని వంగాలి. ఆ వంపులో కొంత బలం పోతుంది. ఉత్తరానికి జరిగేకొద్దీ ఆ చాటు తగ్గుతుంది కాబట్టి రుషికొండ దగ్గర అల మళ్లీ తేరుకుంటుంది. విశాఖపట్నం జిల్లా తీరానికంతటికీ కలిపి ఇచ్చిన ఒకే ఎత్తు ఈ తేడాలను చెప్పలేదు.

గాలి విషయం తొందరగా ముగించవచ్చు, ఎందుకంటే ఇందులో సూచనలు బాగానే పనిచేస్తున్నాయి. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నున్నగా ఉంచుతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి లేచి నీటిని చిందరవందర చేస్తుంది. సర్ఫింగ్ చేసేవాళ్లు ఉదయం తొమ్మిదిలోపే ముగించుకోవడానికి కారణం ఇదే. అయితే ఒక మాట మరవకూడదు. నేల గాలి నీటిని అందంగా చూపిస్తుందే తప్ప భద్రంగా చేయదు. గాలి నింపిన ట్యూబులు, తేలికపాటి బోర్డుల మీద ఉన్నవాళ్లను అదే గాలి లోపలికి లాక్కుపోతుంది.

పోటుపాట్ల లెక్క అన్నింటికంటే గట్టిది. సూర్యచంద్రుల నడకను బట్టి ఏడాది ముందే నిమిషాలతో సహా చెప్పవచ్చు. విశాఖలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరున్నర దరిదాపుల్లో ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖతో పోలిస్తే ఇది చాలా చిన్నది. కానీ అల తన ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లు లోతున్న చోట విరుగుతుంది కాబట్టి ఇసుక దిబ్బ మీద నీరు ఒక్క మీటరు తగ్గినా మొత్తం పద్ధతి మారిపోతుంది. పోటులో దిబ్బను దాటిపోయే అల పాటులో సరిగ్గా దాని మీదే విరుగుతుంది. అలా విరిగి ఒడ్డువైపు వచ్చిపడ్డ నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి దారి వెతుక్కుంటుంది. దిబ్బ తెగిన చోట సన్నటి కాలువలా బయటికి దూకుతుంది. అదే రిప్ కరెంట్. దాని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

రిప్‌ను కంటితో పట్టుకోవచ్చు. రుషికొండ రోడ్డు మీద కాస్త ఎత్తున నిలబడి ఐదు నిమిషాలు నీటిని చూడాలి. అటూ ఇటూ తెల్లటి నురగతో అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, పైన చిన్న చిన్న ముడతలతో కనిపిస్తుంది. కొన్నిసార్లు అందులోంచి ఇసుక కలిసిన మట్టిరంగు నీరు సముద్రంవైపు మేఘంలా విచ్చుకుంటుంది. ఈత రానివాళ్లు వెతుక్కుని మరీ దిగేది ఆ పట్టీలోకే. అలలు లేవు కదా అనుకుంటారు. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగేచోటు చేరాక తిరిగి రావాలి. పక్కనున్నవాళ్లు ఆదుర్దాలో వెనకే దూకకూడదు. తేలే వస్తువేదైనా విసరాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మన పత్రికల్లో ప్రతి వేసవీ చదువుతూనే ఉన్నాం.

ఈ ఇసుక కదలికను విశాఖలో చాలా ముందే చదవడం మొదలుపెట్టారు. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడి విద్యార్థులతో కలిసి పనిచేశాడు. వాల్తేరు ఒడ్డున ఇసుక మట్టం కాలాన్ని బట్టి లేచి తగ్గడాన్ని కొలిచి 1954లో ప్రచురించారు. దేశంలో సముద్ర శాస్త్ర అధ్యయనానికి ఊపునిచ్చిన పని అది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.వి.వి. అరుణ్ కుమార్, కె.వి.ఎస్.ఆర్. ప్రసాద్ 2014లో రిప్ కరెంట్ల ప్రమాదాన్ని ముందుగా అంచనా వేసే కొలబద్దను ప్రతిపాదిస్తూ అంతర్జాతీయ పత్రికలో వ్యాసం వెలువరించారు. అంటే ఈ ఊరి తీరాన్ని ఈ ఊరివాళ్లే చదివి దారి చూపించారు.

ఇక మనకు అందుతున్న సూచనల మాట. మొదట చెప్పుకోవాల్సింది 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలతో దీని పేరు జనానికి తెలిసింది. చేపలు దొరికే చోట్లు చెప్పడం, అల ఎత్తు, స్వెల్, గాలి, ప్రవాహాల సూచనలు ఇవ్వడం దీని రోజువారీ పని. ఉపగ్రహాలు కొలిచిన గాలి, అలలతో పాటు విశాఖతో సహా తీరం వెంబడి తేలే బోయాల కొలతలతో లెక్కను సరిచూసుకుంటుంది. దూరపు స్వెల్ తీరం మీదికి ఎగబాకే ఘటనలకూ, చిన్న పడవలకూ 2020 నుంచి ప్రత్యేక సూచనలు ఇస్తోంది. తుపాను నడకను, వాయుగుండం బలాన్ని చెప్పేది వాతావరణ శాఖ. విశాఖలో దానికి తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటుతుందని ముందే సరిగ్గా చెప్పగలిగారు. ఇక వార్తల్లో వినే మూడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరికలు ఓడరేవుల్లోని నౌకల కోసం ఎగరేసేవి. మొదటి నంబరు ఎగరేసినా స్నానానికి ఫరవాలేదని కొందరు అనుకోవడం పొరపాటు. ఎక్కడో దూరంగా ఉన్న తుపాను నుంచి బయల్దేరిన స్వెల్ తుపానుకంటే ఒకటి రెండు రోజుల ముందే ఒడ్డును తాకుతుంది.

సర్ఫింగ్ కోసం నడిచే వాణిజ్య యాప్‌లు మూడో రకం. 1985లో కాలిఫోర్నియాలో టెలిఫోన్ సేవగా పుట్టిన సర్ఫ్‌లైన్ వీటిలో పెద్దది. ఇవి అన్నింటినీ ఒకే పేజీలో, రంగుల్లో, నక్షత్రాలతో చూపిస్తాయి. వాడుకకు సులభం. అయితే ప్రపంచ నమూనాల్లో ఒక్కో గడి పది, ఇరవై కిలోమీటర్ల వెడల్పుంటుంది. యారాడ, ఆర్కే బీచ్ రెండూ ఒకే గడిలో పడిపోవచ్చు. నక్షత్రాలు సర్ఫర్‌కు అల బాగుంటుందని చెబుతాయి. స్నానానికి దిగేవాళ్లకు ఎక్కువ నక్షత్రాలున్న రోజే ఎక్కువ ప్రమాదం. ఇంట్లో పిల్లలున్నవాళ్లకు నా సలహా ఇన్‌కాయిస్ సూచనే చూసుకొమ్మని.

దూరపు సూచన ఎంత గట్టిదో 2024 రుజువు చేసింది. ఆ మార్చి 23 ప్రాంతంలో దక్షిణ అట్లాంటిక్‌లో, మనకు సుమారు పదివేల కిలోమీటర్ల అవతల ఏర్పడిన అల్పపీడనం హిందూ మహాసముద్రపు దక్షిణ భాగానికి జరిగి పెద్ద అలలు లేపింది. అవి మార్చి 31న కేరళ తీరంలో ఇళ్లలోకి నీటిని నెట్టాయి. పదిహేను సెకన్ల పీరియడ్ ఉన్న అలల గుంపు రోజుకు వెయ్యి కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి ఈ లెక్క చక్కగా సరిపోతుంది, ముందుగా చెప్పడానికి వ్యవధి కూడా దొరుకుతుంది. మే మొదటి వారంలో మళ్లీ అలాంటి స్వెల్ వచ్చింది. ఇన్‌కాయిస్ హెచ్చరిక ఇచ్చింది. అయినా మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. శాస్త్రం తన పని చేసింది. ఆ మాట ఆ ఒడ్డున నిలబడిన పిల్లల దాకా చేరలేదు, చేరినా వాళ్లను ఆపేలా చేరలేదు. ఈ విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

సూచనను ఎలా చదవాలో ఒక నమూనాతో చూద్దాం. ఏప్రిల్ చివరి ఆదివారం అనుకోండి. ఎత్తు 1.1 మీటర్లు. పీరియడ్ 14 సెకన్లు. దిక్కు దక్షిణం. ఉదయం వాయవ్యపు గాలి పల్చగా, పదకొండు తర్వాత సముద్రపు గాలి బలంగా. పాటు ఉదయం తొమ్మిదిన్నరకు. ఎత్తు ఒక్కటే చూస్తే భయపడాల్సిందేమీ లేదు. మొత్తం కలిపి చదివితే ఇది ప్రమాదకరమైన ఉదయం. దూరపు స్వెల్ కాబట్టి ఒడ్డున అల పెరుగుతుంది, గుంపుల మధ్య విరామాలు మోసం చేస్తాయి. సరిగ్గా జనం దిగే తొమ్మిది, పది గంటల మధ్య నీరు తగ్గి దిబ్బ తెగిన చోట్ల రిప్‌లు బలపడతాయి. నేల గాలి వల్ల సముద్రం అద్దంలా కనిపించి ధైర్యం ఇస్తుంది. అనుభవం ఉన్న సర్ఫర్‌కు అది మంచి రోజు. నానమ్మ, పిల్లలతో వచ్చిన కుటుంబం ఆ రోజు ఇసుకలోనే ఆడుకోవాలి. యారాడకు అసలు వెళ్లకూడదు.

ఇక ఖాళీ ఎక్కడుందో చెప్పుకోవాలి. దిబ్బ ఇవాళ ఎక్కడుందో, ఎక్కడ తెగిందో ఏ ఉపగ్రహమూ రోజూ చెప్పడం లేదు. అది తెలిసేది పొద్దున్నే నీటిలోకి చూసే లైఫ్‌గార్డుకూ, మత్స్యకారుడికీ. అమెరికా వాతావరణ విభాగం 2021లో దేశమంతటికీ రిప్ కరెంట్ల సంభావ్యతను గంట గంటకూ, ఆరు రోజుల ముందు దాకా చెప్పే నమూనాను వాడుకలోకి తెచ్చింది. అక్కడి తీరాల లైఫ్‌గార్డులు చూసి చెప్పిన వివరాలతో దాన్ని సరిచూస్తారు. ఈ పద్ధతి మనకు అందనిదేమీ కాదు. అల లెక్క హైదరాబాదులో ఉంది. తీరం లెక్క ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. కళ్లు ఒడ్డున ఉన్నాయి. ఈ మూడూ రోజూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాత్రమే జరగాలి. కెమెరాలు, కృత్రిమ మేధ తర్వాత రావచ్చు. వాటికోసం ఆగనక్కర్లేదు.

చేయాల్సిన పని చిన్నదే. రుషికొండ, ఆర్కే బీచ్, యారాడ, భీమిలి, ఒక్కో తీరం దారి మొదట్లో ఒక బోర్డు పెట్టాలి. ప్రతి ఉదయం ఏడు గంటలకు అక్కడి లైఫ్‌గార్డు అల ఎత్తు, పీరియడ్, పాటు వేళ, రిప్ కనబడిన చోటు, దిగవచ్చా లేదా అన్న ఐదు సంగతులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. సాయంత్రం ఎంతమందిని బయటికి లాగాల్సి వచ్చిందో పుస్తకంలో నమోదు చేసి పరిశోధకులకు అందజేయాలి. జిల్లా యంత్రాంగం, నగర పాలక సంస్థ, విశ్వవిద్యాలయం కలిసి కూర్చుని వచ్చే వేసవి సెలవులకు ముందే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను. అప్పటిదాకా మీరు తీరానికి వెళ్లే ముందు వానతో పాటు పీరియడ్ కూడా చూసుకోండి. పన్నెండు సెకన్లు దాటితే పిల్లల్ని నీళ్లలోకి దింపకండి.